అంచులు కోయని పుస్తకం

మా ఆయనకు తెలుగు నవలల పిచ్చి. అందులోనూ మొదటి అచ్చువే కావాలి. రెండో అచ్చు ఎంత బాగున్నా, ఎవరైనా ఊరికే తెచ్చి చేతిలో పెట్టినా, ఎంగిలి విస్తరిని చూసినట్టు చూసేవారు. రాజపాళయం మొత్తం మీద పద్మనాభ రాజా బీరువాలాంటి బీరువా ఇంకొకటి లేదని మా వాళ్ళందరూ గొప్పగా చెప్పుకునేవారు. చెప్పుకోవలసిందే మరి! అయితే ఆ బీరువాలో ఉన్న ఒక్క పుస్తకాన్నీ ఆయన చదవలేరన్న సంగతి మాత్రం నాకొక్కదానికే తెలుసు.

చదువు రాదని కాదు. అరవం గడగడా చదువుతారు. మదురై కాలేజీలో ఇంగ్లీషు చదివారు. పత్తి మిల్లు ఉత్తరాలన్నీ ఆయనే రాస్తారు. తెలుగు అక్షరాలు మాత్రం ఒక్కటీ రావు. మా ఊళ్ళో అదేమీ వింత కాదు. మేము పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడతాం, తెలుగులోనే పోట్లాడుకుంటాం, ఏడుస్తాం. రాయవలసి వస్తే అరవంలో రాస్తాం. మా ముత్తాతల కాలం నుంచీ అంతే, ఎవరూ సిగ్గుపడలేదు. కానీ తెలుగు పుస్తకాల బీరువా పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించుకునే మనిషికి అది సిగ్గే కదా!

నాకు అక్షరాలు వచ్చు. మా పుట్టిల్లు సత్రపట్టి. మా తాతకు చూపు తగ్గాక ఆయన రోజూ పారాయణ చేసే పుస్తకం చదివిపెట్టడానికి ఇంట్లో ఒక మనిషి కావలసి వచ్చింది. మగపిల్లలు బడికి పోయేవారు, నేను ఖాళీగా ఉన్నాను, నాకు నేర్పాడు. తప్పు చదివితే బెత్తం పెట్టి కొట్టేవాడు. అట్లా వచ్చింది నా చదువు.

ఇక ఈ పిచ్చి ఎట్లా పట్టిందో చెప్పాలి. పత్తి బేరం మీద మదరాసు వెళ్ళినప్పుడు ఈయన ఏదో అడ్రసు కనుక్కుందామని ఒక తెలుగు పుస్తకాల కొట్టులోకి వెళ్ళారట. ఈయన మాట విని కొట్టాయన కళ్ళు పెద్దవి చేసి, “మీది ఏ దేశపు తెలుగండీ? మీ వైపు తెలుగు పుస్తకాలు చదివేవాళ్ళు కూడా ఉన్నారా?” అని నవ్వాడట. అంతే! రాజుగారికి రోషం పొడుచుకొచ్చింది. “ఎందుకు లేరు? ఆ వరసంతా కట్టి పెట్టు” అన్నారట. బేరం సంగతి మరిచిపోయి పుస్తకాల మూటతో ఇంటికి దిగారు.

తరువాత ఆ కొట్టాయనే ఈయనకు స్నేహితుడయ్యాడు. ఇంగ్లీషులో కార్డులు రాసేవాడు. ఫలానా నవల మొదటి అచ్చుకు అట్ట నీలం, రెండోదానికి ఎరుపు, ఫలానాదానికి మొదటి అచ్చులో బొమ్మ ఉంది, తరువాత తీసేశారు, ఇట్లాంటివి. ఈయన అవన్నీ బట్టీ పట్టేశారు. పార్సిలు రాగానే పీట వేసుకుని కూర్చుని, అట్ట తడిమి, పేరున్న పేజీ వెనక్కి తిప్పి, “ప్రథమ ముద్రణ” అన్న చోట వేలు పెట్టి మురిసిపోయేవారు. ఆ రెండు మాటల రూపం ఆయనకు తెలుసు. బస్సు బోర్డు మీద ఊరి పేరు చదవలేకపోయినా దాని ఆకారం చూసి ఎక్కేస్తామే, అట్లాగ.

ఒకసారి నేను పక్కన నిలబడి అట్ట మీది పేరు గట్టిగా చదివాను. గొప్పకు కాదు, కళ్ళకు కనబడింది, నోటికి వచ్చింది. అప్పుడు ఆయన ముఖం చూడాలి! చెంప మీద కొట్టినట్టు ఎర్రబడింది. ఆ సాయంత్రమే బీరువాకు తాళం పడింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. “ధనం, ఇందులో ఏముందో చెప్పు” అని నన్ను పేరు పెట్టి ఒక్క మాట అడిగితే ఈయన సొమ్మేం పోయింది? రోజూ ఆ బీరువా అద్దాలు తుడిచేది నేను. లోపల ఉన్న కథలు చదవడం వచ్చినదాన్నీ నేనే. బయట నిలబడి పుస్తకాల వీపులు చూసుకోవాలి! నేను చదివిపెడతానని నోరు తెరిచి అనలేదు. నాకూ రోషం ఉంది. ఆయన అడగాలి, అప్పుడే చదువుతాను అని పంతం పట్టాను. అట్లా మా ఇద్దరి పంతం మధ్య ఏళ్ళు గడిచిపోయాయి.

పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరంలో వచ్చింది, “పడవ దిగిన పిల్ల” అనే నవల. రాజమండ్రి వైపు ఎవరో ఆవిడ రాసిందట. అచ్చయిన కొద్దిరోజులకే అచ్చాఫీసు కప్పు కారి, కట్టలన్నీ తడిసి ముద్దయిపోయాయట. అంతకు ముందే బయటికి పోయిన కాపీలే మిగిలాయి. వాటిలో ఒకటి మదరాసు కొట్టాయన సంపాదించి పంపాడు. పైగా అది అంచులు కోయని పుస్తకం. అంటే పెద్ద కాగితం అచ్చువేసి, మడిచి, కుట్టి, ఆ మడతలు అట్లాగే వదిలేశారు. కత్తి పెట్టి కోస్తే తప్ప లోపలి పేజీలు తెరుచుకోవు. ఎవరూ చదవలేదనడానికి అదే సాక్ష్యం. అందుకే దానికి అంత విలువ అని మా ఆయన ఊరందరికీ చెప్పారు. ఎవరూ చదవని పుస్తకానికి విలువెక్కువ అంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ గొప్పే ఆయన మెడకు చుట్టుకుంది. మా సావడిలో, అంటే మా వీధుల వాళ్ళందరం కూడే చోట, ఒక వాసకశాల పెట్టాలని పెద్దలు అనుకున్నారు. వచ్చినవాళ్ళు కూర్చుని పుస్తకాలు, పేపర్లు చదువుకోవడానికి. సరస్వతి పూజ రోజే తెరవాలన్నారు. మా ఆయన పెదనాన్న అయ్యాసామి రాజా సావడికి పెద్ద. ఆయన ఒకరోజు మా ఇంటికి వచ్చి, వరండాలో కూర్చుని మజ్జిగ తాగుతూ అన్నాడు:

“పద్మనాభా, ఆ కొత్త పొస్తకం ఎత్తుకుని వచ్చి, మొదటి పేజీ నువ్వే చదవాల. మన పిల్లోళ్ళకి తెలుగు పొస్తకం అంటే ఏందో తెలియాల గదా. నీకన్న దానికి తగినోడు ఎవరుండారు?”

తలుపు చాటున నేను వింటున్నాను. ఈయన ఏదో ఒక సాకు చెబుతారనుకున్నాను. “సరి పెదనాయినా” అన్నారు. అంతకన్నా ఏమంటారు పాపం!

ఆ రోజు నుంచి ఈయనకు అన్నం సయించలేదు. బీరువా తీయడం, ఆ పుస్తకం చేతిలో పట్టుకోవడం, మళ్ళీ పెట్టడం. వంటింటి గడప దాకా వచ్చి, నేను తలెత్తగానే, “మంచినీళ్ళు” అనేవారు. ఎన్ని చెంబులు తాగారో! అడుగుతారు, ఇప్పుడు అడుగుతారు అని నేను కాచుకుని ఉన్నాను. నవ్వులపాలైతే మానం పోయేది ఆయనదే కాదు, నాది కూడా. అయినా పంతం చావలేదు. ఏం మనుషులమో!

పూజ రోజు తెల్లవారగానే ఆయన ముఖం తేటపడింది. స్నానం చేసి వచ్చి, “ధనం, నీ సన్న కత్తి ఇయ్యి” అన్నారు.

“ఏంటికి?”

“పూజలో పెట్టడానికి. పొస్తకమూ కత్తీ రెండూ పెడతాను.”

నాకు వెంటనే అర్థమైంది. పూజలో పెట్టిన పుస్తకాన్ని ఆ రోజు ఎవరూ చదవకూడదు. పూజలో పెట్టిన కత్తితో ఆ రోజు ఏమీ కోయకూడదు. మిల్లులో మరలు కూడా ఆ రోజు బొట్టు పెట్టించుకుని ఊరుకుంటాయి. రెండింటినీ దేవి ముందు పెట్టేస్తే ఇక ఎవరు చదవమంటారు? ఎంత తెలివి అనుకున్నాను. కొంచెం మెచ్చుకున్నాను కూడా, అబద్ధమెందుకు.

సావడిలో అనుకున్నట్టే జరిగింది. పూజ అయింది, శనగల సుండలు పంచారు, అయ్యాసామి పెదనాన్న గొంతు సవరించుకుని, “ఇంక చదువు పద్మనాభా” అన్నాడు. ఈయన చేతులు జోడించి, “పూజలో పెట్టేసినాను పెదనాయినా. ఈరోజు ముట్టకూడదే!” అన్నారు, ఎంతో బాధపడుతున్నట్టు.

“ఆమా, నిజమే” అన్నాడు పెదనాన్న. గడ్డం నిమురుకున్నాడు. “మంచిదే అయింది. రేపు విజయదశమి. పూజలో పెట్టిన పొస్తకం రేపు చదవకుండా లోపల పెట్టకూడదు. పెట్టిన కత్తితో ఒక పని చెయ్యకుండా తీసుకుపోకూడదు. రేపే కత్తి పెట్టి కోసి, రేపే చదువు. దానికన్న మంచి దినం ఏముండాది?”

ఈయన ముఖంలో రక్తం లేదు. పుట్టినప్పటి నుంచీ ఏటా చేసుకునే పండగే. ఈ రోజు సంగతి తలుచుకుని, మరునాటి సంగతి మరిచిపోయారు. నిన్నటి దాకా మొదటి పేజీ పైపైన చూపించి, అంచులు కోయకూడదని తప్పించుకునే దారైనా ఉండేది. ఇప్పుడు కోయకుండా ఉండే దారీ లేదు, చదవకుండా ఉండే దారీ లేదు. తానే తలుపు వేసుకుని తానే గడియ పెట్టుకున్నారు.

మరునాడు పొద్దున నేను కాఫీ ఇస్తూ, “జ్వరమని చెప్పి పంపిస్తాను, పడుకోండి” అన్నాను. ఇక నాకు పంతం లేదు. మనిషిని చూస్తే జాలేసింది.

“ఈ ఏడు జ్వరం. వచ్చే ఏడు?” అన్నారు. చొక్కా తొడుక్కుని బయలుదేరారు.

సావడి కిటకిటలాడిపోయింది. ఊరి పక్క కొండ, సంజీవి మల వైపు మబ్బు కమ్మి ఉన్నా ఒక్కరూ రావడం మానలేదు. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళం ఒక వైపు. మా అత్త చెల్లమ్మ ముందు వరసలో కూర్చుని, నా కొడుకు చదవబోతున్నాడు అన్నట్టు అటూ ఇటూ చూస్తోంది.

ఈయన దేవి ముందు నుంచి పుస్తకం తీశారు. అట్ట మీద మా అత్త పెట్టిన పసుపు, కుంకుమ. వేరే రోజైతే మరక పడిందని గగ్గోలు పెట్టేవారు. కత్తి తీసుకుని మొదటి మడత కోశారు. కోత వంకరగా పోయింది. కాగితం పీచు కొంచెం పంచె మీద రాలింది. పేజీ తెరిచి కళ్ళ ముందు పెట్టుకున్నారు.

ఈయన పెదవులు కదిలాయి, మాట రాలేదు. వెనక ఎవరో దగ్గారు. ఇంక ఆగలేకపోయాను. ఆడవాళ్ళలో నుంచి లేచి నిలబడి అరిచేశాను:

“కన్నాడి ఇంట్లోనే మరిచి వచ్చినారు! అది లేకుంటే ఆయనకి ఇంత చిన్న ఎళుత్తు కనబడదు!”

“అంతే గదా, ఎవరన్నా పోయి తీసుకురండి” అన్నాడు పెదనాన్న. కళ్ళజోడు తేవడానికి ఒకడు లేచాడు కూడా. హమ్మయ్య, ఆ సందులో ఏదో ఒకటి చేద్దాం అనుకున్నాను.

మా ఆయన తల ఎత్తారు. నా వైపే చూశారు.

“కన్నాడి జేబులోనే ఉండాది, ధనం” అన్నారు. తరువాత పెదనాన్న వైపు తిరిగారు. “పెదనాయినా, నాకు తెలుగు ఎళుత్తు రాదు. ఒక్క అక్షరమూ రాదు. ఇన్నాళ్ళూ వచ్చినట్టు వేషం వేసినాను. పొస్తకాలు కొన్నాను, అంతే. ఒక్కటీ చదవలేదు.”

నేను కూర్చుండిపోయాను. మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెదనాన్న చేతి కర్ర నేల మీద ఠప్పున కొట్టాడు.

“ఎవడ్రా నవ్వినోడు? ముందరికి రా. వచ్చి చదువు. నువ్వు చదివితే నేనే నీకు దండ వేస్తాను.”

ఎవడూ రాలేదు. అందరూ నేల చూపులు చూశారు. పెదనాన్న కూడా ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, నవ్వేశాడు. “నాకు మాత్రం వస్తుందా ఏందీ! నీకు వస్తుందిలే అనుకుని ధైర్యంగా ఉండినాను” అన్నాడు. అప్పుడు సావడి అంతా నవ్వింది. ఈసారి నవ్వులో ముల్లు లేదు.

“మరి ఎవరు చదవతారు? చదవకుండా లోపల పెట్టకూడదే” అన్నాడు పెదనాన్న.

“మా ఇంట్లో వస్తుంది” అన్నారు ఈయన.

“అయితే అడుగు.”

అంతమందిలో ఈయన ఆడవాళ్ళ వైపు వచ్చారు. పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు. “ధనం, నువ్వు చదివి చెప్పతావా?” అన్నారు.

ఎన్నేళ్ళు ఎదురుచూశాను ఆ మాట కోసం! తీరా వచ్చేసరికి ఏడుపు వచ్చింది. ఏడుపుతో పాటు కోపమూ వచ్చింది. “ఇది అడగడానికి ఊరంతా సాక్షి కావాల్సి వచ్చిందా మీకు?” అన్నాను. ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. ఈయన కూడా నవ్వారు. తల వంచుకుని నవ్వారు, పెళ్ళిపీటల మీద నవ్వినట్టు.

సావడి మధ్యకు పోయి కూర్చున్నాను. మా ఆడవాళ్ళెవరైనా అక్కడ కూర్చున్నది నేను ఎరగను. చదవడం మొదలుపెట్టాను. “పడవ రేవుకు చేరుసరికి వాన వెలిసినది. సుందరమ్మ ఒక చేత మూటయు, ఒక చేత చెప్పులును పట్టుకొని, ఎవరి సాయమును లేక ఒడ్డునకు దిగినది.”

“ఒక్కతే వచ్చిందా?” అంది మా అత్త వెంటనే. “దాన్ని ఎవరు రమ్మన్నారు?”

“ఉండత్తా, చెప్పతాను” అని చదివాను. ఆ పిల్ల అన్న రాసిన జాబు చూసి వచ్చిందట. జాబంటే ఏమిటని అడిగారు. కడుదాసి అని చెప్పాను. ఓ, కడుదాసా అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కొన్ని మాటలు నాకూ తెలియలేదు, దాటేశాను. కానీ చాలావరకు తెలిసిన మాటలే. మనం ఇంట్లో మాట్లాడే మాటలు కాగితం మీద నుంచి లేచి వస్తుంటే, పక్కన కూర్చున్న ముసలమ్మలు ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. మన మాటకు కూడా పుస్తకం ఉందా అన్నట్టు చూశారు.

రెండు పేజీలయ్యాక మడత అడ్డం వచ్చింది. ఆ పిల్ల అన్న ఇంటి తలుపు కొట్టింది. తలుపు తీసింది ఎవరో అవతలి పేజీలో ఉంది. నేను ఆగి ఆయన వైపు చూశాను. మొదటి మడత ఆనవాయితీ కోసం కోశారు, సరే. ఇంతటితో ఆపేసినా ఎవరూ ఏమీ అనరు. మిగిలినదంతా కోయకుండానే ఉంటుంది. ఆయనకు ప్రాణం కదా అది!

“ఏమాయె ఆ పిల్లకి? తలుపు ఎవరు తెరిచినారు?” అంది మా అత్త. “కోయి నాయినా, చూస్తావేంది!”

ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నారు. కత్తి పెట్టి కోశారు. ఈసారి కోత తిన్నగా వచ్చింది. నేను చదవడం, ఆయన కోయడం. ఒక మడత అయిపోవస్తోందంటే తరువాతదానికి కత్తి సిద్ధంగా పెట్టుకునేవారు. ఒకచోట నేను ఆగితే, “ఊ, చదువు చదువు, ఏం జరిగింది?” అని ఆయనే తొందరపెట్టారు. పంచె నిండా కాగితం పీచు, పత్తి జిన్నులో నుంచి వచ్చినట్టు. మొదటి ప్రకరణం మొత్తం అట్లా అయిపోయింది. ఆ పిల్లను ఇంట్లోకి రానిచ్చేసరికి మా అత్త కళ్ళు తుడుచుకుంది.

“మిగిలింది ఇంకోరోజు” అన్నాను. గొంతు ఎండిపోయింది. ఎవరూ లేవమంటే లేవలేదు. వచ్చే శుక్రవారం మళ్ళీ చదవాలని అక్కడికక్కడే తీర్మానం చేసేశారు.

తరువాత పిల్లలకు అక్షరాలు దిద్దించే పని మొదలైంది. విజయదశమి కదా. మా మరిది కూతురు పాపకు కూడా ఆ రోజే. బడి అయ్యవారు కృష్ణసామి పళ్ళెంలో బియ్యం పోసి, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దాని వేలు పట్టుకుని అరవం అక్షరం దిద్దించాడు. పాప లేచి బెల్లం ముక్క నోట్లో వేసుకుంది. ఇంకో పిల్లవాణ్ణి పిలవబోతుంటే మా ఆయన పోయి ఆ పళ్ళెం ముందు కూర్చున్నారు. తల నెరవడం మొదలైన మనిషి, మఠం వేసుకుని!

అందరూ తమాషా అనుకున్నారు. ఆయన లేవలేదు.

“నాకూ తెలుగు దిద్దించండి” అన్నారు.

“నాకు రాదే, సామీ” అన్నాడు అయ్యవారు, పాపం, కంగారుపడి.

మా ఆయన తల తిప్పి నా కోసం వెతికారు. నేను ఆడవాళ్ళ వెనక్కి నక్కాను. చదవడమంటే చదివాను. ఇంతమంది ముందు మొగుడి చేయి పట్టుకోవడమా! మా ఊళ్ళో ఎవరైనా విన్నారా? నా చెవులు కాలిపోయాయి. మా అత్తే నన్ను వీపు మీద ఒకటి వేసి ముందుకు తోసింది.

“పోవే! నా కొడుకు అడగతా ఉండాడు. పట్టుకోవే చెయ్యి!”

వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. చూపుడు వేలు పట్టుకున్నాను. మిల్లు కాగితాల మీద అంత గబగబా సంతకాలు పెట్టే వేలు, నా చేతిలో చంటిపిల్లవాడి వేలులా మెత్తగా ఉంది. బియ్యంలో ‘అ’ దిద్దించాను. ఆయన ఒక్కరే రాసినప్పుడు అది వంకర పోయింది.

“పెదనాయినకి రాలేదు!” అని పాప ఆయనను చూపించి చప్పట్లు కొట్టింది.

“చెరిపి మళ్ళీ రాయండి” అన్నాను. మా తాత గొంతే వచ్చేసింది నాకు, బెత్తం ఒక్కటే తక్కువ. ఆయన బుద్ధిగా బియ్యం చదును చేసి మళ్ళీ రాశారు. ఈసారి బాగానే వచ్చింది. నోటితో కూడా అన్నారు.

“సరి. తరువాతది?” అని అడిగారు, అంతమంది ముందు, నా ముఖంలోకి చూస్తూ.

నేను ఆయన వేలు మళ్ళీ పట్టుకున్నాను. “ఆ” అన్నాను.